ఖుర్నా నుంచి మహబూలా దాకా

ఖుర్నా దగ్గర టైగ్రిస్, యూఫ్రటీస్ కలిసి షత్ అల్ అరబ్ అవుతాయి. బస్రా మీదుగా సుమారు 200 కిలోమీటర్లు పారి ఫావ్ వద్ద ఆ నది సముద్రంలో కలుస్తుంది. 19వ శతాబ్దంలో కువైట్ బగలాల (పెద్ద తెరచాప చెక్క ఓడల) సరకు యాత్ర ఈ నీటి మీదే మొదలయ్యేది. కలప దొరకని నేల కువైట్; ఓడకు టేకు మలబారు నుంచి రావాలి, సరకు బస్రా ఖర్జూర తోటల నుంచి రావాలి. కోత కాగానే ఖర్జూరాకు బుట్టల్లో కుక్కిన పళ్లు ఎక్కించుకుని కరాచీ, బొంబాయి, కాలికట్ వైపో, ఏడెన్ మీదుగా జాంజిబార్ వైపో సాగేవారు. గాలి తిరిగాక టేకు, కొబ్బరిపీచు తాళ్లు, మడచెట్ల వాసాలు వేసుకుని ఇంటిదారి పట్టేవారు. ఈ రాకపోకలన్నిటినీ రుతుపవనాల లెక్కన చెప్పడం అలవాటు. కానీ మనుషుల్ని ఓడ ఎక్కించింది అప్పేనని నా వాదన.

ఫావ్ నుంచి తీరం వెంట దిగితే కువైట్ రేవు, ఆ కింద ఫింతాస్, మహబూలా, అబూ హలీఫా. ఈ తీరపు నావికుడికి జీతం లేదు. తిండి ఖర్చు పోగా మిగిలిన కిరాయిలో సగం ఓడకు, సగం సిబ్బంది వాటాలకు. ఇల్లు గడవడానికి ముందే తీసుకున్న అడ్వాన్సు ఆ వాటాలోంచి కోసుకునేవారు. చాలకపోతే బాకీ మరుసటి యాత్రకు మిగిలేది. 1938-39లో 'బయాన్' అనే ఓడలో ప్రయాణించిన నావికుడు, రచయిత అలన్ విలియర్స్ ఇదే రాశాడు: నావికుడు నఖోదాకు (ఓడ నాయకుడికి), నఖోదా వర్తకుడికి బాకీ. సాక్ష్యం 20వ శతాబ్దపుదే, పద్ధతి మాత్రం పాతది. పోటు తగ్గాక ఓడను ఒడ్డున ఒరిగించి, అడుగున సున్నం, కొవ్వు కలిపి పూసే పని కూడా ఆ వాటాలోనే. వాటా అంటే భాగస్వామ్యమే కదా, నావికులు సొంత పెట్టెలో చిల్లర వ్యాపారమూ చేసుకునేవారు కదా అంటారు. నిజమే. అయితే కిరాయి తగ్గితే వాటా తగ్గుతుంది, అప్పు తగ్గదు. ఇప్పుడు మహబూలా అపార్టుమెంట్లలో ఉన్న మన కడప, గోదావరి జిల్లాలవాళ్లలో ఏజెంటు కోసం ఊళ్లో అప్పు చేసి విమానం ఎక్కినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంజిన్లు రాబట్టే తెరచాప పోయిందన్నది ఇంకో మాట. ఇంజిను బిగించుకున్న చెక్క ఓడలు దుబాయ్‌లో, ఇరాన్‌లో, గుజరాత్‌లో ఆ తర్వాత కూడా సరకు మోస్తూనే ఉన్నాయి. కువైట్‌లో తేడా మహబూలాకు దక్షిణాన, ఫహాహీల్ దాటాక కనిపిస్తుంది: 1946 జూన్ 30న అహ్మదీ తీరం నుంచి మొదటి చమురు ఓడ బయలుదేరింది. నెల తిరిగేసరికి చేతికి జీతం వచ్చే పని దొరకగానే నావికులు అటే వెళ్లారు; 1950లు ముగిసేసరికి దూరప్రయాణాల తెరచాప వ్యాపారం అక్కడ ఆగిపోయింది.