మలక్‌పేట నుండి చిట్యాల దాకా ఒక గోనెసంచి

చాదర్‌ఘాట్ వద్ద మూసీ దాటి రాగానే మలక్‌పేట మొదలవుతుంది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడైన మలిక్ యాఖూబ్ పేరు మీద ఈ పేట వెలసినదని పెద్దలు చెబుతారు. ఏలిన వాని పేరు గాక సేవకుని పేరు మిగలడం మాకెప్పుడూ ఇష్టమైన సంగతి. నేటికీ ఇది బరువులు మోసేవారి పేటయే. తెల్లవారక ముందే గంజ్ ముందర ఉల్లిగడ్డల లారీలు బారులు తీరుతాయి. ఫజ్ర్ నమాజుకు వచ్చే హమాలీల దుస్తులలో మిర్చి ఘాటు తెలుస్తుంది.

మా వీధిలో ఒక లారీ యజమాని ఉండేవారు. బండి నడిపేదీ ఆయనే. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరి మూడేళ్లయినది. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మిగిలారు. తల్లిదండ్రులు ముందే గతించారు. ఆస్తి అనదగినది పాత టాటా లారీ ఒక్కటే, అదియూ చిట్యాల దాటిన తరువాత ఒక బంధువు పొలంలో నిలిచిపోయి ఉన్నది. పాత ఇనుము వ్యాపారి తూకానికి అడిగాడు. నడిచే బండి ధర వేరు, తూకపు ధర వేరు. ఆ తేడా తండ్రి లేని పిల్లల సొమ్ము. అది వదులుకొమ్మని చెప్పే హక్కు మనలో ఎవరికున్నది? అందుచేత గడచిన వేసవిలో మేము, మా పేట మెకానిక్ ఉస్తాద్ కలిసి బయలుదేరదలచాము.

సంచి సర్దడం ఉస్తాద్ ఇంటి అరుగు మీద జరిగినది. మేము పెద్ద పెట్టె ఊహించుకున్నాము. ఆయన ఒక గోనెసంచి తెచ్చారు.

“మౌల్వీసాబ్, డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు. గాలి, డీజిలు, తిప్పే బలం ఉంటే లేస్తుంది. ఆ మూడింటికి ఏం కావాలో అదే తీసుకుపోదాం” అన్నారు.

పది, పదమూడు, పదిహేడు, పందొమ్మిది నంబర్ల పానాలు, వీల్ పానా, దానికి తొడిగే ఇనుప గొట్టం, సుత్తి, జాకీ సంచిలో పడ్డాయి. బండిది పన్నెండు వోల్టులా ఇరవైనాలుగా అని ఫోనులో అడిగి తెలుసుకున్న తరువాతనే బ్యాటరీ తీశారు. ఎలుకలు తీగలు కొరికి ఉంటాయని కొంత వైరు, టేపు పెట్టారు. క్యాబిన్‌లో పాము ఉండవచ్చునని ఒక కర్ర కూడా చేర్చారు. అది పనిముట్ల లెక్కలోకి వస్తుందా అని మేము నవ్వాము, ఆయన నవ్వలేదు.

ఆయన ఎక్కువ శ్రద్ధ చూపినది డీజిలు సంగతిలోనే. ఏళ్ల తరబడి నిలిచిన ట్యాంకులో తుప్పు, నీరు చేరుతాయి. కనుక ట్యాంకును ముట్టకుండా, కొత్త డీజిలు క్యానులో నుండి రబ్బరు గొట్టంతో నేరుగా పంపుకు అందించాలి. దానికి క్యాను, గొట్టం, క్లిప్పులు, కొత్త ఫిల్టరు. చివరగా ఒక మందపాటి చెక్క పలక. ఇలాంటి పాత ఇంజను తాళం తీసినంత మాత్రాన ఆగదు, స్టాప్ కేబుల్ లాగాలి. అది తుప్పుపట్టి రాకపోతే గాలి వచ్చే దారిని పలకతో మూయాలి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్, చౌటుప్పల్ మీదుగా విజయవాడ రహదారిలో సాగాము. ఈ దారిలోనే ఆయన సరుకు తెచ్చేవారు.

బండి చుట్టూ తుమ్మకంప మొలిచినది. ఉస్తాద్ మొదట చక్రాల కింద రాళ్లు పెట్టించారు. స్టార్టరు తాకక ముందు ఇంజను ఆయిలు చూసి, రాడ్డుతో ఇంజనును చేతితో తిప్పి చూశారు. కదిలినది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురుగు పోయి శుద్ధమైన డీజిలు వచ్చేదాకా ఓపిక పట్టారు. లోపల గాలి ఉంటే ఎంత బ్యాటరీ అయినా వృథాయే. అసర్‌కు ముందు నల్లని పొగ చిమ్మి ఇంజను లేచినది. కేబుల్ కూడా పనిచేసినది, పలక అవసరపడలేదు.

అయినా మేము దానిని రోడ్డెక్కించలేదు. ఎనిమిదేళ్లు దాటిన సరుకుల బండికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. దీని గడువు ఎప్పుడో తీరినది. పైగా ఒక బ్రేకు గొట్టం పగిలి గాలి నిలవడం లేదు. మరునాడు గొట్టం మార్చి, బ్రేకులకు గాలి అందేలా ఇంజను నడిపిస్తూ, క్రేను బండితో ఆటోనగర్‌కు చేర్పించాము. కొనుగోలుదారు అక్కడ ఇంజను శబ్దం విని, తూకపు మాట ఎత్తకుండానే బేరమాడాడు.

వచ్చిన సొమ్ములో మొదట ఖర్చులు, తరువాత టైర్ల దుకాణం బాకీ తీరినవి. మిగిలినది అన్నిసా సూరాలోని విధి ప్రకారం నలభై భాగాలయినది: భార్యకు ఎనిమిదవ వంతుగా ఐదు, కుమారులకు పద్నాలుగేసి, కుమార్తెకు ఏడు. ఆ లెక్క తన నోటుపుస్తకంలో వ్రాసుకున్నది ఆ అమ్మాయే. పదవ తరగతి చదువుతున్నది. నలభై ఎందుకు రావాలని మమ్మల్ని అడిగి, తానే మరొక మారు వేసి చూసుకుని పుస్తకం మూసినది.