అంగి, చొక్కా

2008లో ఇంజనీరింగ్ చదవడానికి కరీంనగర్ నుంచి విజయవాడ వెళ్ళాను. హాస్టల్లో మొదటి వారమే ఒకరోజు, "నా అంగి కీసల ఇరవై రూపాయలుండాలె, ఎవరన్నా చూసిన్రా?" అని అడిగాను. గదిలో ఉన్న ముగ్గురూ ఒక్క క్షణం ఆగి, ఒకేసారి నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు. కానీ ఆ ఏడాదంతా నా పేరు "కీస".

నాకూ నవ్వే అవకాశం రాకపోలేదు. భీమవరం నుంచి వచ్చిన రూమ్మేట్ ఓ పొద్దున "నా జోళ్ళు కనపడట్లేదురా" అన్నాడు. "మొహానికే ఉన్నయి గద" అన్నాను. వాడు వెతుకుతున్నది చెప్పుల కోసం! అందరం పడీపడీ నవ్వాం. వాడు మాత్రం ఆ తర్వాత కూడా జోళ్ళనే అన్నాడు. నేనేమో రెండో ఏడాదికల్లా అంగిని చొక్కా చేసేశాను. కీస జేబయింది, గుండీ బొత్తాం అయింది, దస్తీ కర్చీఫయింది. నా మాట తప్పని ఎవరూ అనలేదు. నేనే ఒప్పేసుకున్నాను.

బొత్తాం పోర్చుగీసు నుంచి, కీస ఉర్దూ నుంచి వచ్చాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. రెండూ నాలాగే వలస వచ్చినవే. అంగి అయితే కన్నడ వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉంది.

ఇంగ్లండు వచ్చిన కొత్తలో ఆఫీసులో టీ ఒలికించుకుని, "నా ప్యాంట్స్ తడిసిపోయాయి" అని ప్రకటించాను. ఇక్కడ ప్యాంట్స్ అంటే లోపల వేసుకునేవి, పైన వేసుకునేవి ట్రౌజర్స్. మళ్ళీ నవ్వులు, మళ్ళీ నేను మాట మార్చుకోవడం. మా టీంలోనే ఒక అమెరికన్ ఉన్నాడు. ఆయన్ని చూసీ నవ్వుతారు. ఆయనా నవ్వేసి, మర్నాడు మళ్ళీ ప్యాంట్స్ అనే అంటాడు. ఆయన్ని చూస్తే నాకు భీమవరం వాడు గుర్తొస్తాడు.

కిందటి నెల వీడియో కాల్లో బాపు మా ఐదేళ్ళవాణ్ణి చూసి, "కొత్త అంగి మంచిగున్నది బిడ్డా!" అన్నాడు. వాడు నావైపు తిరిగి, "అంగి అంటే ఏంటి నాన్నా?" అన్నాడు. "చొక్కా" అని చెప్పాను.

తర్వాతి ఆదివారం బాపు కాసేపు తడుముకుని, "చొక్కా... మంచిగున్నది బిడ్డా" అన్నాడు.

అరవై ఎనిమిదేళ్ళుగా అంగి తొడుక్కున్న మనిషి, మనవడికి అర్థం కావాలని మాట మార్చుకున్నాడు. నేను హాస్టల్లో చేసిన పనే. కాకపోతే ఈసారి చేయించింది నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇదంతా కూడా చొక్కా భాషలోనే టైపు చేస్తున్నానని ఇప్పుడు చూసుకుంటున్నాను.

మొన్న వాణ్ణి స్కూలుకి తయారుచేస్తూ అంగి, కీస, గుండీ, దస్తీ చూపించి చెప్పాను. కీస అనే మాట వాడికి తెగ నచ్చింది. నిన్న ఫోను లాక్కుని, టీషర్టు ముందుకు లాగి చూపిస్తూ, "తాతా, నా అంగికి కీస లేదు!" అన్నాడు.

బాపు ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత గట్టిగా నవ్వాడు.

"కీస లేనిది గూడ ఒక అంగేనారా! మీ నాయినకు చెప్పు, మంచిది కొనియ్యమని."