ఐదో గోరు

మా బోడినాయకనూరులో ఏలకుల వాసన రాని వీధి ఉండదు. ఎదురింటి అవ్వ అరుగు దగ్గర మాత్రం ఆ మధ్య కుక్క వాసనే వచ్చేది. నెలల తరబడి దానికి నీళ్లు తగల్లేదు.

అది తెల్లటి రాజపాళయం కుక్క. 2005లో తపాలా శాఖ మన దేశపు నాలుగు జాతుల కుక్కలతో బిళ్లలు వేసినప్పుడు అందులో ఈ జాతికీ చోటు దక్కింది. రాజపాళయం అంటే మన రాజుల ఊరు కదా, మనవాళ్లకు దాని మీద అభిమానం ఎక్కువే. అయితే అభిమానం గోళ్లు తీయదు.

"కాలు ముట్టనీదు నాయనా, కరుస్తుంది. ఎవరో లోతుగా కత్తిరించేశారు, నెత్తురొచ్చింది" అనేది అవ్వ.

ఒకనాడు అది కుంటడం చూసి వెళ్లాను. ముందుకాలి లోపలివైపు, కాస్త పైన ఐదో గోరు ఉంటుంది. నేలకు తగలదు గనక అరగదు. వదిలేస్తే వంకర తిరిగి కండలోకి దిగుతుంది. దీనికి అదే జరిగింది. పుండు పడ్డాక అది మన పని కాదు. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళితే తీసి మందు వేశారు.

మిగిలిన గోళ్లు మా పని. మా నాయన ఎద్దులను కడిగేటప్పుడు ముందు గంగడోలు నిమిరి, తరువాతే కాళ్ల దగ్గరికి వచ్చేవాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి రోజు భుజం నిమిరి ఇడ్లీ ముక్క పెట్టాను. ఇంకో రోజు పాదం పట్టి వదిలేశాను. మూడోనాడు కత్తెర పక్కన పెట్టి ఊరకే కూర్చున్నాను. వారానికి ఒక్క గోరు కొన తీయనిచ్చింది. తెల్ల గోరులో గులాబి రంగు కనిపించేది నెత్తురున్న చోటు, దానికి ముందే ఆగాలి. నల్ల గోరైతే అది కనబడదు, కొంచెం కొంచెంగానే తీయాలి.

"ఇక నువ్వు తియ్యి అవ్వా" అని కత్తెర అందించాను. తీసుకోలేదు. ఆమె చెయ్యి వణుకుతోంది.

"ఆ ఎవరో నేనే నాయనా" అంది మెల్లగా. "కన్ను ఆనక, చెయ్యి నిలవక కోసేశాను. ఎట్లా చెప్పేది?"

కుక్క భయం వారంలో తగ్గింది. అవ్వ సిగ్గు మాత్రం నెలలపాటు ఆ ఇంట్లో ఉండిపోయింది. నేను ఆ సంగతి అడగనే లేదు.

మరునాడు కత్తెర మాని చిన్న ఆకురాయి ఇచ్చాను. రోజుకు రెండు గోళ్లు రాస్తే చాలు, చెయ్యి వణికినా తెగదు. చెవుల వెనక పిడుదులు వెతకడానికి కళ్లెందుకు, వేళ్లు చాలు. దొరికితే నన్ను పిలుస్తుంది. చిమటాతో చర్మం దగ్గర పట్టి నిదానంగా లాగుతాను.

ఇప్పుడు సాయంత్రాలు అరుగు మీద ఆకురాయి చప్పుడు వినిపిస్తుంది. సెలవులకొచ్చిన మనవలు అవ్వతో తమిళంలోనే మాట్లాడతారు. కుక్కకు మాత్రం "కాలియ్యి నాయనా" అంటేనే తెలుసు.