కార్డు సంగతి తర్వాత, ముందు సిస్టర్ దగ్గరికి పదండి

ఏం వదినగారూ, పొద్దున్నే జంక్షన్ ప్రయాణమా? బీపీ చూపించుకోడానికా? ఆరోగ్యశ్రీ తీసుకునే డాక్టరు ఎవరన్నా ఉన్నారేమో కనుక్కుందామనా? భలేవారే! కాసేపు ఆగండి. ఓ మాట చెబుతాను, వినేసి వెళ్దురుగాని.

మన బాపులపాడు మండలం వాళ్లకి ఇదో అలవాటైపోయింది. హనుమాన్ జంక్షన్‌లో నిలబడితే అటు ఏలూరు, ఇటు గన్నవరం, బెజవాడ, ఆ పక్క నూజివీడు, ఈ పక్క గుడివాడ. ఏ బస్సెక్కినా ఏదో ఒక ఆస్పత్రి తగులుతుంది. ఆంజనేయస్వామికో దణ్ణం పెట్టి ఎక్కేయడమే! అందుకే వైద్యమంటే బస్సెక్కాల్సిన పని అనుకుంటాం. మరి ఊళ్లో ఉన్న సర్కారు క్లినిక్ గుమ్మం ఎప్పుడన్నా తొక్కారా? పసిపిల్లల టీకాలకి తప్ప తొక్కి ఉండరు. నాకు తెలుసు లెండి.

అక్కడ కూర్చునే అమ్మాయి ఎవరనుకున్నారు? కాగితాల మీద ఎంఎల్‌హెచ్‌పీ అంటారు, సీహెచ్‌ఓ అనీ అంటారు. మనకి మాత్రం సిస్టరే. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆపైన కమ్యూనిటీ హెల్త్ శిక్షణ పొందిన మనిషి. బీపీ చూస్తుంది, షుగర్ చూస్తుంది, రక్తం ఎంతుందో చూస్తుంది. కేంద్రం లెక్క ప్రకారం ఇలాంటి క్లినిక్‌లో 14 రకాల పరీక్షలు, వందకు పైగా రకాల మందులు ఉండాలి. తనకి అంతుపట్టనిది ఉంటే ఈ-సంజీవనిలో డాక్టరుకి ఫోన్ కలిపి, తెర మీద మిమ్మల్ని చూపిస్తుంది. డాక్టరుగారు అక్కణ్ణుంచే మందు చెబుతారు. ఫీజు ఎంతంటారా? పైసా లేదు. కార్డు? బీపీ చూడ్డానికి కార్డెందుకండీ!

అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది, చెవి ఇటు పెట్టండి. ఆరోగ్యశ్రీ అనేది ఆస్పత్రిలో చేరాల్సిన వైద్యానికి. గుండె ఆపరేషన్, క్యాన్సర్, విరిగిన తుంటి, డయాలసిస్, ఇలాంటి పెద్ద ఖర్చులకి. 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడే దాని ఉద్దేశం అది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ పేరు పెట్టినా మనం ఆరోగ్యశ్రీ అనే అంటాం, ఎవరూ ఏమీ అనుకోరు. కాబట్టి దగ్గుకీ, జ్వరానికీ, నెలనెలా బీపీ మాత్రలకీ ఆ కార్డు పట్టుకుని ఊరూరా తిరిగితే కాళ్లు నొప్పులే తప్ప ఒరిగేదేం లేదు. చిన్నవాటికి సిస్టర్, పెద్దవాటికి కార్డు. గుర్తుంటుందా?

ఇక మామిడి రోజులొచ్చాయంటే ఆ క్లినిక్ చూడాలి బాబూ! నూజివీడు రసాలూ బంగినపల్లీ తోటల్లోంచి లారీలెక్కే నెలల్లో సిస్టర్‌కి ఊపిరాడదు. చిక్కంతో కాయ దించుతుంటే సొన చింది చెంప పొక్కినవాడు ఒకడు. కొమ్మ విరిగి జారి మోచెయ్యి పట్టుకుని వచ్చినవాడు ఒకడు. మిట్టమధ్యాహ్నం పాక కింద కాయలు ఏరి కళ్లు తిరిగిన ఆడకూలీలు ఇద్దరు. తోటకి పురుగుమందు కొట్టి వచ్చి తల దిమ్ముగా ఉందనే పెద్దమనిషి ఇంకొకడు. ఎవరికి ఓఆర్‌ఎస్ కలిపివ్వాలో, ఎవరి చెంప సబ్బుతో కడిగించాలో, ఎవరిని క్షణం ఆలస్యం చెయ్యకుండా 108లో ఎక్కించాలో ఆ అమ్మాయికి తెలుసు. ఆ పురుగుమందు కొట్టిన పెద్దమనిషిని మాత్రం అసలు ఆపదు. బండి పిలిచాకే మాట్లాడుతుంది. చూస్తుంటే ముచ్చటేస్తుంది నాకు.

బాబాయిగారూ, గోడవతల నక్కి వింటున్నారుగా, ఇది మీకే. షుగర్ ఉన్నవాళ్లు రసం పండు తినచ్చా అని ఊరంతా అడుగుతారు. అడగని ఇల్లు లేదు ఈ మామిడి దేశంలో. పూర్తిగా మానెయ్యమంటే ఎవరు మానతారండీ, చెట్టు పెరట్లో ఉంటే! సిస్టర్ ముందు మీ షుగర్ ఎంతుందో చూస్తుంది, ఆ తర్వాత చెబుతుంది ఎన్ని ముక్కలో. అన్నం తగ్గించి తినమంటుంది. మీరేమో రెండు పళ్లు పిండుకుని, జాడీ ఆవకాయతో ముద్దలు కలుపుకుని, ఆపైన అమ్మాయి అన్యాయం చేసిందంటారు!

డల్లాస్‌లో ఉన్న మీ అబ్బాయి ఏమన్నాడూ? డాక్టర్ కాకపోతే చూపించుకోవద్దన్నాడా? అతన్నే అడగండి, అక్కడ జలుబు చేస్తే ఎవరు చూస్తున్నారో. కొన్నిసార్లు డాక్టరు కాని ఫిజీషియన్ అసిస్టెంటే చూసి ఉంటారు. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో యూజీన్ స్టెడ్ అనే డాక్టరుగారు నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో ఆ చదువు మొదలుపెట్టారు. 1967లో ముగ్గురు పట్టా పుచ్చుకున్నారు. మన పక్క చెన్నైలోనే, మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ 1992లో ఆ చదువు తెచ్చారు. అంతెందుకు, మన తాతల నాటి ఎల్‌ఎంపీ డాక్టర్లు గుర్తున్నారా? పూర్తి ఎంబీబీఎస్ కాదు, అయినా పల్లెల్ని కాచింది వాళ్లే. 1946లో భోర్ కమిటీ ఒకే రకం డాక్టరు చాలంది, ఆ చదువు మెల్లగా పోయింది. పోయాక పల్లెలో మిగిలిన ఖాళీని ఎవరు పూరించారు? సైకిలు మీద సూదిమందు పట్టుకొచ్చే ఆర్‌ఎంపీ. పిలవగానే వస్తాడు, అప్పు పెడతాడు, ఆప్యాయంగా మాట్లాడతాడు, కాదనను. కానీ ప్రతి జ్వరానికీ ఓ సెలైన్, ఓ యాంటీబయాటిక్ ఏమిటండీ! చదువుకున్న సిస్టర్ ఊళ్లో ఉండగా నా ఓటు ఆమెకే.

ఒక్క కోపం మాత్రం ఉంది నాకు. ఇంత పని చేసే ఈ అమ్మాయిలవి కాంట్రాక్టు ఉద్యోగాలు. పర్మనెంటు చెయ్యమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లు అడిగేది న్యాయమే, మనం కూడా గట్టిగా అడగాలి.

సరే, పెద్ద జబ్బే అనుకుందాం. అప్పుడూ సిస్టరే చెబుతుంది ఎక్కడికెళ్లాలో. ఆ కార్డు తీసుకునే నెట్‌వర్క్ ఆస్పత్రి గుమ్మంలోనే ఒక బల్ల ఉంటుంది, ఆరోగ్యమిత్ర అని. నేరుగా అక్కడికే వెళ్లండి. కార్డూ ఆధారూ చూసి, అనుమతి కాగితం నడిపేది ఆ మనిషే. నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది, మనం కృష్ణాలో మిగిలాం, మన కార్డు అక్కడ చెల్లుతుందా అని బెంగ పడకండి. జిల్లా గీత కార్డుకి అడ్డం రాదు. ఏ ఆస్పత్రి జాబితాలో ఉందో తెలియకపోతే 104కి ఫోన్ చెయ్యండి, చెబుతారు. ఎవరన్నా డబ్బు కట్టమన్నా ఆ నంబరుకే ఫిర్యాదు. ఇక అత్తయ్యగారికి 70 దాటాయిగా? ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు. 2024 అక్టోబరు నుంచి ఉందది. ఆధార్ తీసుకుని రమ్మనండి, ఆశా కార్యకర్తని అడిగితే ఎక్కడ చేయించాలో చెబుతుంది.

ఊళ్లోకి 104 వైద్య బండిలో డాక్టరుగారు వచ్చే రోజు ఎప్పుడో కూడా ఆ ఆశా కార్యకర్తనే అడగండి. నెలకి రెండుసార్లు రావాలన్నది ఏర్పాటు. ఆ రోజుకి మీ పాత చీటీలూ, మింగుతున్న మాత్రల అట్టలూ ఓ కవర్లో వేసుకోండి వదినగారూ. తెల్ల మాత్ర, పచ్చ మాత్ర అని చేతులు తిప్పితే సిస్టర్ ఒప్పుకోదు.