కయీను మీది గురుతు



2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ అను యువకుని, గర్భవతియైన భార్య కన్నుల యెదుటనే నరికి చంపారు. అతడు దళిత క్రైస్తవ కుటుంబపు బిడ్డ. వేరే కులపు అమ్మాయిని పెండ్లాడుటయే అతడు చేసిన నేరము. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు, కిరాయికి నరికినవానికి ఉరిశిక్షను, మరి ఆరుగురికి యావజ్జీవ శిక్షను విధించింది. కిరాయి ఇచ్చాడని కేసులో మొదటి నిందితుడైన అమ్మాయి తండ్రి 2020లోనే చనిపోయాడు.

ఆదివారం ఆరాధన ముగిసిన పిమ్మట సంఘస్థులు, "అయ్యగారూ, దేవుడు న్యాయం తీర్చాడు గదా!" అన్నారు. ఆ న్యాయము కొరకు ఆరేండ్లకు పైగా కనిపెట్టినవారిలో మేమును ఉన్నాము. అయినను ఉరి అన్న మాట దగ్గర మాకు నోరు రాలేదు.

దానికి కారణమున్నది. 2019 నవంబరులో ఒక పశువైద్యురాలిని మానభంగము చేసి, చంపి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వద్ద కాల్చివేసినప్పుడు మన పల్లెలన్నీ దుఃఖించాయి. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోగా, జనులు పోలీసుల మీద పూలు చల్లారు. మేమును లోలోపల సంతోషించాము. చనిపోయినవారు మన పాలమూరు పల్లెల పిల్లలే. 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికి వచ్చింది. వారిలో ముగ్గురు అప్పటికి మైనర్లనియు, పోలీసులు చెప్పినది నమ్మదగినది కాదనియు తేల్చింది. మైనర్లకు మన చట్టములో ఉరి లేదు. అక్కడ కోర్టు విచారణే జరుగలేదు, నిజమే. కాని కోర్టులో తీర్పు చెప్పువారును మనుష్యులే. పొరపాటు తెలిస్తే జైలులో ఉన్నవానిని విడిపించవచ్చును. సమాధిలో ఉన్నవానిని ఏ కోర్టు లేపగలదు?

ధర్మశాస్త్రములో ప్రాణమునకు ప్రాణమని ఉన్నది గదా అని అడుగుదురు. ఉన్నది. ఆదికాండము నాల్గవ అధ్యాయమును కూడ చదవండి. దేవుడు హేబెలు రక్తపు మొర విన్నాడు, కయీనును శిక్షించాడు. అయినను ఎవరును వానిని చంపకుండునట్లు గురుతు వేశాడు. ఐగుప్తీయుని చంపిన మోషేను, స్తెఫను చావుకు సమ్మతించిన సౌలును ఆ దినమే ఉరి తీసియుంటే, మనకు నాయకుడెవరు? అపొస్తలుడెవరు?

ప్రణయ్ తల్లిదండ్రుల కన్నీరు మేము తేలికగా ఎంచుట లేదు. నేరస్థులు జైలులోనే ఉండవలెను. అయితే ఆ కత్తికి పదును పెట్టిన కులగర్వము ఏ ఉరికంబమూ ఎక్కదు. అది పెండ్లి మాటలప్పుడు మన విశ్వాసుల ఇండ్లలోనే మన ప్రక్కన కూర్చుండుచున్నది. మొదట దానికి తీర్పు తీర్చుదము. దేవుడు మనకు తోడైయుండును గాక. ఆమేన్.