ఆకాశపు పద్దు

ఇంటి జమాఖర్చుల పద్దు వ్రాయుట మనకు క్రొత్త గాదు. నెలాఖరున బియ్యమెంత, పప్పెంత, పాలకెంత యని కూడుకొని వెనుకటి నెలతో సరిచూచుకొందుము. ఆకాశమునకును ఇట్టి పద్దు కలదు. దినదినమును దానిని వ్రాయువారును గలరు.

ఈ పని నేటిది గాదు. ధాన్యపుకొట్టులో మూరెడు వెడల్పు నోరుగల కుండమును వానకొలతకై యుంచవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. వానకును ధాన్యమునకును గల చుట్టఱికము నెఱిగినవాడు గనుకనే కొలతపాత్రను కొట్టునకే చేర్చినాడు. వరాహమిహిరుడును బృహత్సంహితయందు వానకొలతను వివరించెను. మన విశాఖపట్టణమున గొడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ధనముతో వేధశాలను నెలకొల్పగా, పిమ్మట అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని నడపిరి. గ్రహనక్షత్రములతోబాటు గాలివానల లెక్కలును అచ్చట వ్రాయబడినవి. 1864 నాటి కలకత్తా తుపానును, తరువాతి అనావృష్టులును ప్రేరకములు గాగా, 1875లో భారత వాతావరణ శాఖ యేర్పడినది.

నేడు మన దేశమున వర్షమాపకమును ప్రతిదినమును ఉదయము 8 గంటల 30 నిమిషములకు చూతురు. ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. 2.5 మిల్లీమీటర్లైనను కురిసిననే అది వానదినముగా లెక్కకు వచ్చును. ఉష్ణమాపకములను ఎండ తగులక గాలియాడునట్టి తెల్లని కొయ్యపెట్టెలో నుంతురు. అందొకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టియుండును. గాలి యెంత పొడియైన అది యంత చల్లబడును. వేసవిలో మన మట్టికూజా నీరు చల్లనగుటయు ఈ న్యాయముననే. మాసాంతమున లెక్కలు కూడి, పెక్కేండ్ల సగటుతో పోల్తురు.

మా ఇంటివారు బడిపిల్లలకై ఆవరణములో నొక వర్షమాపకము నుంచిరి. సెలవుదినములలో కొలుచు పని మా పాలబడినది. ఒక యేడు సెప్టెంబరు నెలలో "వానలే లేవమ్మా, నూతులడుగంటినవి" యని పొరుగింటి పెద్దమ్మగారు వాపోయిరి. పుస్తకము చూడగా నెల మొత్తము తక్కువ గాదు. "అట్లయిన మీ పుస్తకమబద్ధము" అనిరావిడ. మేము తేదీలవారీగా చదివి వినిపించితిమి. సగమునకు పైగా వాన రెండు రాత్రులలోనే కురిసి కాలువలపాలైనది. మిగిలిన దినములు పొడిగానే గడచినవి. పెద్దమ్మగారి మాటయు నిజమే, పుస్తకమును నిజమే. నెలజీతమంతయు రెండుదినములలో చేజాఱినయింట మొత్తము చూచి సంతోషింపదగునా? కావుననే వేధశాలవారు మొత్తముతోబాటు వానదినముల సంఖ్యను గూడ వ్రాయుదురు.

పెద్దల కార్తెలమాట త్రోసివేయదగినది గాదు. జూన్ మొదటివారము దాటగనే మృగశిర వచ్చును, తొలకరికై రైతు కనిపెట్టుకొనియుండును. కాని మన జ్ఞాపకమునకు ఘోరమైన యేడాది నిలుచును, సామాన్యమైనది జాఱిపోవును. "మా చిన్ననాటి వానలిప్పుడు లేవు" అనుమాట నిజమో కాదో తేల్చునది పద్దు మాత్రమే.

దీనివలన ప్రయోజనమేమందురా? 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకుపడి వేలకొలది ప్రాణములను హరించినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, హెచ్చరిక ముందుగనే యందుటచే లక్షలమందిని తరలింపగలిగిరి. ప్రాణనష్టము మునుపటికంటె ఎంతో తగ్గినది. అట్టి హెచ్చరికలకు ఆధారము ఏండ్లతరబడి విసుగక వ్రాసిన అంకెలే.

ఇది పురుషుల పనియని తలపకుడు. అన్నా మణిగారు (1918–2001) వాతావరణ శాఖలో పనిచేసి, కొలత పరికరములు మనదేశముననే తయారగుటకు పాటుపడిరి. మనమంత చేయనక్కఱలేదు. నిలువుగోడల గిన్నె నొకదానిని చెట్లకును గోడలకును దూరముగ నుంచి, ప్రతిదినము ఒకే వేళకు నీటిలోతు కొలచి వ్రాసిన చాలును. కొలువని దినమున ఊహించి అంకె వేయరాదు. ఆ గడిని ఖాళీగనే విడువవలెను. ఇంటిపద్దునకును ఆకాశపు పద్దునకును ధర్మమొక్కటే.