నాయనగారి తుపాకి కొయ్య

ప్రాణహిత గోదావరిలో కలియు మా సిరొంచలో వానకారున కొయ్యకు చెమ్మ పట్టక తప్పదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట నాయనగారు వేట మానిరి. వారి తరువాత ఆ జోడుగొట్టాల తుపాకి లైసెన్సుతో నాకు వచ్చినది. నిరుడు వానలు వెలిసినాక చూడగా, అక్రోటు కొయ్యపై వార్నిషు పొట్టువలె లేచియుండెను.

వార్నిషు పైపైనే నిలుచును. పగిలినచోట నీరు దూరి లోన చిక్కుకొనును. అవిసెనూనె కొయ్యలోనికి ఇంకి, గాలి సోకి గట్టిపడును. ఊరి వడ్రంగి పెద్దాయన చెంతనుండగా, తూటాలు లేవని రెండుమార్లు చూచుకొని, కొయ్యను విడదీసి, పాతపూతను గరుకుకాగితముతో నారవెంబడినే తీసితిని. నూనెను పలుచగా రుద్ది, పూర్తిగా ఆరిన మీదటనే మరల రుద్దితిని. భుజమున ఆనెడు కొస నీరెక్కువ పీల్చును గనుక అచట రెండు పూతలు ఎక్కువ వేసితిని. నూనెగుడ్డలు కుప్పపడినచో తమంత తామే రగులుకొనును. వానిని విప్పి ఆరుబయట పరచితిని.

చెక్కిలి ఆనుచోట పూత ఎన్నడో పోయి, కొయ్య అరిగి చిన్న పల్లమైనది. దానిని సాపుచేయబోగా పెద్దాయన, "అది మీ నాయనగారి చెక్కిలి జాడ, బాబూ" అనెను. నా చేయి ఆగినది. ఆ చోట నూనె మాత్రమే రాచితిని.